డెల్మర్ నడుమూ కొత్త ఒరా

ఆ ఆదివారం ఉదయం డెల్మర్ స్టోక్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త ఒర నడుముకు పెట్టుకుని చర్చికి వెళ్ళాలి, ప్రసంగం అయ్యేదాకా దానితో కూర్చోగలడో లేదో చూసుకోవాలి, ఆ తరువాత గాయకబృందం సాధనలో తన సోలో పాడుకుని, ఇంటికొచ్చి వేయించిన కోడి తినాలి. వీటిలో కోడి ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఒర అంటే కత్తికి కాదు, పిస్తోలుకు. పాస్టరు బ్రదర్ లైల్ ఆ చలికాలంలో, కొండ ప్రాంతంలోని తమ చర్చికి ఒక కాపలా బృందాన్ని ఏర్పాటు చేశాడు. అయిదుగురు మగవాళ్ళు, కోటు కింద పిస్తోలు, మొహాన మామూలు చిరునవ్వు. వాళ్ళెవరో ఎవరికీ తెలియకూడదు. నోరు జారినవాడు బృందంలోంచి బయటికి. ఆ అయిదుగురిలో డెల్మర్ ఒకడు. రహస్యం దాచడం అతనికి ఏమంత కష్టం కాలేదు. పిస్తోలు దాచడమే కష్టమైంది.

పడకగది బీరువాలో కింది సొరుగు అప్పటికే పనికిరాని ఒరలతో నిండిపోయింది. చంక కింద వేలాడే తోలుది ఉంది. అది వేసుకుంటే ఎండాకాలంలో కూడా కోటు విప్పడానికి లేదు. చీలమండకు కట్టేది ఉంది. అది కట్టుకుని నడిచిన రోజున భార్య వెర్లీన్ అతన్ని కీళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. వీపు కింద పెట్టేది ఇంకొకటి. కారులో కూర్చుంటే వెన్నులోకి ఇటుక దిగినట్టుండేది. మెత్తటి గుడ్డతో కుట్టిన చవకరకం ఒర అన్నింటికన్నా హాయిగా ఉంది గానీ, కాపలా బృందానికి శిక్షణ ఇచ్చిన డార్లా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి పక్కన పడేసింది. "దీని మూతి ముడుచుకుపోతుంది. పిస్తోలు తిరిగి పెట్టేటప్పుడు ఆ గుడ్డ అంచు ట్రిగ్గర్‌కి తగిలిందనుకో, ఇక నీ తొడ మీద ఆశ వదులుకో" అంది. హాయిగా ఉండేది భద్రం కాదు, భద్రంగా ఉండేది హాయి కాదు. వెర్లీన్ చెప్పుల జతల మీద తను ఇన్నేళ్ళూ వేసిన జోకులన్నీ డెల్మర్ మనసులోనే వెనక్కి తీసుకున్నాడు.

కొత్తది గట్టి ప్లాస్టిక్‌తో, పిస్తోలు ఆకారానికే పోతపోసింది. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేస్తుంది, తలకిందులు చేసి ఊపినా పిస్తోలు జారిపడదు. మందపాటి బెల్టుకు బిగించి, బొడ్డుకీ తుంటికీ మధ్య, ప్యాంటు లోపలివైపు పెట్టుకోవాలి. ఒర కుదిరిందని తేలేదాకా అసలు పిస్తోలు పెట్టవద్దని డార్లా గట్టిగా చెప్పినందున, ప్రస్తుతానికి అందులో ఉన్నది శిక్షణకు వాడే నీలం రంగు ప్లాస్టిక్ బొమ్మ.

"ఊపిరి తీసుకుంటున్నావా?" అంది వెర్లీన్, అద్దంలోంచి భర్తను చూస్తూ.

"తీసుకుంటున్నా."

"మరి వదలవేం?"

"వదిలితే పొట్ట ముందుకొస్తుంది. పొట్ట ముందుకొస్తే ఇది గుచ్చుకుంటుంది."

"అట్లా బిగపట్టుకుని సోలో ఎట్లా పాడతావయ్యా? ఇన్నేళ్ళకి నీకిచ్చారు. మళ్ళీ రాయిస్ టటిల్ ఎత్తుకుపోతే నన్ననకు."

ఆ మాట డెల్మర్‌కు ఒరకన్నా లోతుగా గుచ్చుకుంది. ఈస్టర్ పాటల్లో ఒక చోట బృందమంతా ఆగిపోతుంది, పియానో కూడా ఆగిపోతుంది, ఒక్క మగ గొంతు సమాధిలోంచి వస్తున్నట్టు అడుగు స్వరంలో పాడుతుంది. ఆ చోటు ఏటా రాయిస్‌దే. ఈ ఏడు మాత్రం, రాయిస్ గొంతు మధ్యలో తెగిపోతోందని, పియానో వాయిస్తూ గాయకబృందాన్ని నడిపే కోరిన్ దాన్ని డెల్మర్‌కు ఇచ్చింది. అప్పటినుంచీ అతను బండి నడుపుతూ, గడ్డి కోస్తూ, స్నానం చేస్తూ సమాధిలోంచి పాడుతూనే ఉన్నాడు.

ఆ చర్చిలో పలకరింపు అంటే కౌగిలింతే. గుమ్మంలో నలుగురు, నడవలో పదిమంది. డెల్మర్ కుడిపక్కను వెనక్కి లాక్కుని, ఎడమ భుజం మాత్రం ముందుకు చాచి, గేటు సందులోంచి దూరుతున్నట్టుగా అందరినీ పలకరించాడు. పాటకు లేచినప్పుడు మొహం చిట్లించాడు. కూర్చున్నప్పుడు ఒర పైఅంచు పక్కటెముకల్లోకి ఎక్కింది, పళ్ళు బిగించాడు. ఆ తరువాత పాస్టరు అందరినీ నిలబడమన్నప్పుడల్లా అతనికి పాస్టరు మీద విశ్వాసం కొద్దికొద్దిగా సడలింది.

ఇదంతా వెనక బెంచీలో కూర్చున్న ఓపల్ అత్త చూస్తూనే ఉంది. ఎనభై దాటిన మనిషి, ఊళ్ళో సగం మందికి అత్త. ప్రసంగం కాగానే అతని చెయ్యి పట్టుకుంది.

"ఏం నాయనా, పక్కలో నొప్పా?"

"అబ్బే, ఏమీ లేదత్తా."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు. దిట్టంగా ఉన్నాను" అని నవ్వబోయి, నవ్వితే పొట్ట కదిలి, కళ్ళు మూసుకున్నాడు.

ఓపల్ అత్త మొహం మాడిపోయింది. ఆ కొండ ప్రాంతపు మగవాళ్ళ సంగతి ఆమెకు బాగా తెలుసు. జలుబు చేస్తే పక్క దిగరు, ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టిస్తారు. ఏమీ లేదని చిరునవ్వు నవ్వారంటే లోపల ఏదో పెద్దదే ఉన్నట్టు. ఆమె భర్త హోరేస్ కూడా పోయేముందు రోజు వరకూ ఏమీ లేదనే అన్నాడు.

సాధన ఇంకో రోజుకు వాయిదా పడింది. డెల్మర్ ఇంటికొచ్చి కోడి తినేలోపల చర్చి ప్రార్థన గొలుసు కదిలింది. ఒకరు ఇద్దరికి ఫోను చేస్తారు, ఆ ఇద్దరూ మరి నలుగురికి. మొదటి ఫోనులో డెల్మర్‌కు పక్కలో నొప్పి. ఊరి అవతలికి చేరేసరికి ఆపరేషను. తిరిగి ఇవతలికి వచ్చేసరికి, ఆపరేషను చేసినా లాభం లేదని పెద్ద డాక్టర్లు తేల్చారు.

సాయంత్రానికి వంటకాలు రావడం మొదలైంది. చికెన్, అన్నం, పుట్టగొడుగుల సూపు కలిపి ఓవెన్‌లో పెట్టినవి మూడు. చేపా నూడుల్సూ కలిపినవి రెండు. పచ్చగా వణికే జెల్లీ ఒకటి. తెచ్చినవాళ్ళందరూ గుమ్మంలో గొంతు తగ్గించి, వెర్లీన్ భుజం నిమిరి వెళ్ళారు.

"వాళ్ళకి చెప్పరాదూ, నాకేం లేదని" అన్నాడు డెల్మర్ వంటింటి తలుపు చాటునుంచి.

"చెప్పాను. నీ గుండెధైర్యం చూసి ఏడ్చారు" అంది వెర్లీన్, ఫ్రిజ్‌లో చోటు చేస్తూ. "అయినా వారం రోజులు పొయ్యి వెలిగించే పని లేకుండా చేశావు. పెళ్ళయ్యాక నువ్వు నాకు చేసిన ఉపకారాల్లో ఇదే పెద్దది. కాస్త నెమ్మదిగా కోలుకో."

ఆమె నవ్వు మరునాడు కోరిన్ ఆపిల్ పై పట్టుకుని వచ్చినప్పుడు ఆగిపోయింది. కోరిన్ కళ్ళు తుడుచుకుంది. "నువ్వు విశ్రాంతి తీసుకో డెల్మర్. సోలో సంగతి బెంగపెట్టుకోకు. రాయిస్ పాడతానన్నాడు. నీ పేరు మీదే పాడతాట్ట."

రాయిస్ తన పేరు మీద, తను బతికుండగా, సమాధిలోంచి పాడబోతున్నాడు. డెల్మర్ పాస్టరుకు ఫోను చేశాడు.

"బ్రదర్, నాకు జబ్బు లేదని మీరైనా చెప్పండి. అది ఒర అని చెప్పండి."

"ఒర అంటే పిస్తోలు అని తెలుస్తుంది. పిస్తోలు అంటే బృందం అని తెలుస్తుంది. ఒకడు తెలిస్తే మిగతా నలుగురూ తెలుస్తారు" అన్నాడు బ్రదర్ లైల్. "బుధవారం ప్రార్థనకి రా. నువ్వు బాగానే ఉన్నావని నేను అందరి ముందూ చెబుతాను. నా మాట నమ్మరా?"

నమ్మలేదు. బుధవారం సాయంత్రం పాస్టరు లేచి, "మన డెల్మర్ చక్కగా ఉన్నాడు" అన్నాడు. అబద్ధం కాకపోయినా నిజమంతా చెప్పలేకపోతున్న మనిషి గొంతు కదా, చివర్లో కాస్త వణికింది. ఆ వణుకు విని చర్చి మొత్తం ముక్కులు ఎగబీల్చింది. ఓపల్ అత్త కర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"చేతులుంచి ప్రార్థన చేద్దాం. ఇంకా ఆలస్యం ఎందుకు?"

డెల్మర్ లేచి పారిపోయేలోపల చుట్టూ ముప్పై మంది మూగారు. తల మీద చేతులు, వీపు మీద చేతులు. రాయిస్ బరువైన చెయ్యి భుజం మీద పడింది. ఆ రోజు ఒరను కాస్త తుంటివైపు జరిపి చూద్దామని పెట్టుకొచ్చాడు డెల్మర్. ఓపల్ అత్త నొప్పి ఉన్న చోటే చెయ్యి పెట్టాలనే పట్టుదల గల మనిషి. కోటు అంచు పక్కకు తోసి, చొక్కా మీద తడిమి, ఆగిపోయింది.

"ఇంత గడ్డ" అంది నెమ్మదిగా. "రాయిలా ఉంది నాయనా."

ప్రార్థన ఒక్కసారి ఆగి, రెట్టింపు గొంతుతో మళ్ళీ మొదలైంది. వెర్లీన్ పాటల పుస్తకంలో మొహం దాచుకుంది, భుజాలు కదులుతున్నాయి. చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు.

డెల్మర్ నీళ్ళు తాగొస్తానని విడిపించుకుని బాత్రూంలోకి పోయాడు. ఒర విప్పాడు. బయటికి వస్తూనే దాన్ని బొమ్మతో సహా వెర్లీన్ చేతిసంచిలో పడేశాడు. నాలుగు రోజుల తరువాత మొదటిసారి నిటారుగా నడిచి, బెంచీలో హాయిగా కూర్చుని, గుండెల నిండా ఊపిరి పీల్చాడు. తను చేసిన పొరపాటు అదే.

ఓపల్ అత్త వచ్చి అతని పక్కన చెయ్యి పెట్టింది. ఈ వైపు తడిమింది. ఆ వైపు తడిమింది.

"పోయింది" అంది.

ఆ తరువాత ఎవరేం మాట్లాడారో ఎవరికీ వినబడలేదు. కోరిన్ పియానో దగ్గరికి పరుగెత్తింది. రాయిస్ డెల్మర్‌ను నేలమీంచి ఎత్తినంత పని చేసి, "సోలో నీదేరా. పైవాడే తేల్చేశాడు. నేనెవర్ని మధ్యలో" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జరిగిన అద్భుతానికి సాక్ష్యం చెప్పమని అందరూ అతన్ని ముందుకు తోశారు. అక్కడ బ్రదర్ లైల్ ఒక్కడే, గోడకు కొట్టే సున్నం రంగులో ఉన్నాడు.

డెల్మర్ మైకు ముందు నిలబడ్డాడు. నోరు మూసుకుంటే సోలో తనది, కాపలా బృందంలో చోటూ తనదే. ఒక్క స్తోత్రం చెప్పి దిగిపోతే చాలు. కానీ ముందు వరసలో ఓపల్ అత్త తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. "హోరేస్‌కి నెలరోజులు పెట్టానీ చెయ్యి" అంటోంది పక్కావిడతో. "అప్పుడేమీ కాలేదు. నాలోనే లోపముందనుకున్నాను ఇన్నాళ్ళూ."

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, అది గడ్డ కాదు. వెర్లీన్, ఆ సంచి ఇట్లా ఇవ్వు."

నీలం బొమ్మతో ఉన్న ఒరను పైకెత్తి చూపించాడు. కాపలా బృందం సంగతి, చీలమండ, వెన్ను, పక్కటెముకలు, అన్నీ చెప్పేశాడు. ఓపల్ అత్త కర్ర తాటించుకుంటూ వచ్చి, ఒరను తీసుకుని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గడ్డ కాదన్నావు. అది చాలు నాకు" అంది. "దేవుణ్ణి నేనడిగింది అదేగా." తరువాత అతన్ని ఎగాదిగా చూసింది. "ముందు వైపు పెట్టుకున్నావా? ఆ పొట్టకా? నీకెవరు చెప్పారు నాయనా? తుంటి దాటించి వెనక్కి జరిపి, పిడి కాస్త ముందుకు వంచు. బెల్టు కూడా ఇది కాదు. నేను మాత్రం సంచిలో వేరే అర కుట్టించుకున్నాను, ట్రిగ్గర్ కప్పే గట్టి ఒరతో సహా. అందులో ఇంకేమీ వెయ్యను, సంచి చంక దించను."

మొదట రాయిస్ దగ్గాడు.

"నాది పొట్ట చుట్టూ చుట్టుకునే పట్టీ" అన్నాడు నేలచూపులు చూస్తూ. "రెండేళ్ళుగా. ఊపిరి అందక చస్తున్నాను. ఆ అడుగు స్వరం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తిరుగుతాయి."

"నాది చీలమండకి" అంది కోరిన్. "అందుకే పియానో పెడల్ ఎప్పుడూ ఆలస్యమవుతుంది. వయసనుకున్నారు మీరంతా."

తరువాత వరసలవారీగా చేతులు లేచాయి. తోలు మేలన్నవాళ్ళు ఒకవైపు, పోతపోసినది మేలన్నవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ఆ ప్రార్థనకూడిక అంత శ్రద్ధగా జరిగిన బుధవారం మరొకటి లేదు. వాళ్ళందర్నీ కాపాడటానికి అయిదుగురిని రహస్యంగా ఎంపిక చేసిన బ్రదర్ లైల్ వేదిక మెట్టు మీద కూలబడి, తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

అయినా నియమం నియమమే. నోరు జారినందుకు డెల్మర్‌ను కాపలా బృందంలోంచి తీసేశారు. ఆ చోటు రాయిస్ అడిగి తీసుకుని, సోలో తిరిగి ఇచ్చేశాడు. రెండూ ఒక నడుము మీద మోయడం తనవల్ల కాదన్నాడు.

ఈస్టర్ రోజున డెల్మర్ పిస్తోలును ఇంట్లో తాళంపెట్టెలో పెట్టి, వదులుగా ఉండే పాత బెల్టు కట్టుకుని వచ్చాడు. బృందం ఆగింది, పియానో ఆగింది, పెడల్ ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది. డెల్మర్ పొట్ట నిండా ఊపిరి తీసుకుని, ఆ చర్చి ఎన్నడూ వినని అడుగుకు దిగి పాడాడు. ఆఖరి స్వరం పట్టుకుని ఉండగా, కోట్లూ సంచులూ పక్కన పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్న ఆ జనాన్ని చూస్తే అతనికి ఒక సంగతి తట్టింది.

ఆ గదిలో ఆయుధం లేనివాడు తనొక్కడే, పాట బాగోలేదనే ధైర్యం మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.