ఎనిమిది బస్తాల ఉప్పు

ఆ గురువారం పొద్దున చెంచులక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. నెల్లూరు వెళ్ళి బ్యాంకులో సంఘం డబ్బు కట్టాలి, ఒక్క బస్తా రాళ్ళుప్పు కొనుక్కోవాలి, అన్నం వేళకు చినపాళెం చేరుకోవాలి. ఇందులో తలకిందులు కావడానికి ఏముంది అనిపిస్తుంది ఎవరికైనా. ఉంది మరి, వినండి.

చినపాళెం తోటపల్లి గూడూరు దాటాక సముద్రానికి ఆనుకుని ఉంటుంది. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. ఆ ఆడవాళ్ళ పొదుపు సంఘానికి చెంచులక్ష్మే లీడరు. "చవగ్గా వచ్చిందని అవసరం లేనిది కొనబాకండమ్మా, కొంపలు మునిగేది ఆడనే" అని ప్రతి మీటింగులోనూ గొంతు చించుకుంటుంది. నెల కిందటి దాకా పాళెం చేపలన్నీ హజరత్తయ్య ఒక్కడే కొనేవాడు. ఐసు కింద కొంత, బుట్ట బరువు కింద కొంత, "చేప మెత్తబడిందే" అని ఇంకొంత కోసుకుని, మిగిలింది చేతిలో పెట్టేవాడు. అది చూళ్ళేక చెంచులక్ష్మి, ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికి చేపలు పంపే నెల్లూరు కంపెనీ ఒకదాని చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, వాళ్ళ వ్యానును పాళేనికి రప్పించింది. అప్పటినుంచి ప్రతి ఇంట్లో నాలుగు రూపాయలు మిగులుతున్నాయి. కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. వ్యాను వరసగా రెండు రోజులు ఖాళీగా వెనక్కి పోకూడదు. "ఆ పూచీ నాది" అని చెంచులక్ష్మి అందరి ముందూ మాటిచ్చింది.

ఇంతటి మనిషికీ ఒక జబ్బుంది. ఏ ధర విన్నా ఎందుకంత అని ఆరా తీయందే ఆమెకు తోచదు. ఇక ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తానన్నారో, అక్కణ్ణించి కాళ్ళు కదలవు. బ్యాంకు పని ముగించుకుని ఉప్పు దుకాణానికి వెళ్ళేసరికి అక్కడ బోర్డు వేలాడుతోంది. ఎనిమిది బస్తాలు కొంటే ప్రెషర్ కుక్కరు ఉచితం!

"ఎందుకబ్బయా కుక్కరిస్తా ఉండావు?"

"ఆఫరు అక్కా."

"అది కనపడతానే ఉండాది. ఊరికే ఇస్తే నీకేం మిగలతాది?"

"నాకేం మిగల్దక్కా. ఏదో మీరు సంతోషంగా ఉండాలని."

"నేను సంతోషంగా ఉంటే నీకేం వస్తాది?"

దుకాణం అబ్బాయి తల గోక్కున్నాడు. ఇందులో ఎక్కడో మెలిక ఉంది. ఆ మెలికేదో కొంటేగాని బయటపడదు. అలా తేల్చుకుందామనే ఇంతకుముందు కూడా రెండు కుక్కర్లు, ఒక ఇడ్లీ పాత్ర ఇంటికి తెచ్చింది. అవి అటకెక్కి, పెట్టెలైనా విప్పకుండా కూర్చున్నాయి. ఈసారి మెలిక కొంచెం తొందరగానే తేలింది. ఎనిమిది బస్తాలతో తోటపల్లి గూడూరు దాటుతుండగా ఆటో బాడుగ లెక్కేసుకుంటే, ఊరికే వచ్చిన కుక్కరు ఊరికే రాలేదని తెలిసిపోయింది.

ఇంటిముందు వల బాగుచేసుకుంటున్న మొగుడు పెంచలకృష్ణ బస్తాలు దిగడం చూసి నోరు తెరిచాడు.

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకొని, నెల్లూరునుంచి ఉప్పు మోసుకొచ్చినావా!"

"గట్టిగా అరవబాకయ్యా" అని, చెంచులక్ష్మి కుక్కరు పెట్టెను కొంగు కింద దాచుకుని లోపలికి పరిగెత్తింది.

తిరిగి వచ్చేసరికి ఎదురింటి పిచ్చమ్మ చేట పక్కన పెట్టి బస్తాల దగ్గరే నిలబడి ఉంది. పాళెంలో పిచ్చమ్మకు తెలియకుండా పిల్లి కూడా గోడ దూకదు.

"ఏందిమే చెంచులక్ష్మీ, ఇంతుప్పు?"

నిజం చెప్తే పరువు పోతుంది. శనివారం మీటింగులో ఏ మొహం పెట్టుకుని పొదుపు గురించి మాట్లాడాలి?

"ఏదో ఒకటిలే అత్తా. రేపేమవుతాదో ఎవురికి తెలుసు? ఇంట్లో ఉంటే మంచిదే గదా."

"ఊఁ..." అంది పిచ్చమ్మ. ఆ "ఊఁ" చాలా పొడుగ్గా సాగింది.

ఎందుకంటే, చేపలు కొనేవాడుంటే ఐసులోకి పోతాయి, కొనేవాడు లేకపోతే ఉప్పులోకి పోతాయి. చినపాళెంలో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు. ఇంట్లో ఎండబెట్టుకునే చిల్లర చేపలకు ఒక బస్తా చాలు. వ్యానును రప్పించిన మనిషే పొద్దున్నే నెల్లూరు పోయి, మధ్యాహ్నానికి ఎనిమిది బస్తాలు దించుకుని, రేపేమవుతుందో ఎవరికి తెలుసు అందంటే, దాని అర్థం ఇంకా విడమరిచి చెప్పాలా? పిచ్చమ్మ చెరిగే బియ్యం చేటలోనే వదిలేసి, అంగడి కామాక్షి దగ్గరికి నడిచింది.

సాయంత్రం చెంచులక్ష్మి వాకిలి ఊడుస్తూ చూస్తే, వీధి వీధంతా ఉప్పు మోస్తోంది. సంఘంలోని దుర్గ నెత్తిన ఒక బస్తా. ఆమె వెనక అత్త నెత్తిన ఇంకొకటి.

"ఏంది దుర్గా, అందరూ ఉప్పు కొంటా ఉండారు?"

"నీకు తెలీనట్టే అడగతావే అక్కా!" అని దుర్గ ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయింది.

చెంచులక్ష్మి చీపురు వదిలేసింది. పాళేనికంతా తెలిసిన సంగతేదో తనకొక్కదానికే తెలియదు! ఇంతమంది ఉప్పు కొంటున్నారంటే, ఆ సంగతి ఇంకేమవుతుంది, వ్యాను ఆగిపోవడమే. లీడరునైన నాకు ఒక్కరైనా చెప్పలేదే అని ఉక్రోషం కూడా వచ్చింది. వ్యానుతో వచ్చే ముఖేష్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కంపెనీవాడు ఫోనెత్తడం లేదంటే ఇక అనుమానమెందుకు?

శుక్రవారం పడవలు ఒడ్డుకొచ్చాయి. కానాగంత చేపలు బాగా పడ్డాయి. ఒక్క బుట్ట కూడా రోడ్డు మీదికి రాలేదు. ఇంటింటా చేపల్ని చీల్చడం, ఉప్పు పట్టించడం, తొట్టిలో పేర్చడం.

"వ్యాను వస్తాదేమో చూద్దామే" అన్నాడు పెంచలకృష్ణ.

"వచ్చేదైతే అందరూ ఎందుకు ఉప్పేస్తారయ్యా? నువ్వూరుకో" అని చెంచులక్ష్మి కూడా కత్తి పట్టుకుంది. తాను పుట్టించిన పుకారును తానే నమ్మి, తన చేపలకే ఉప్పు పట్టించింది. ఇంట్లో ఉప్పుకైతే కరువు లేదాయె.

ఎప్పటి వేళకే వ్యాను వచ్చింది. ముఖేష్ తలుపులు తీసి, ఐసు సర్ది, కాటా పెట్టి, హారన్ కొట్టాడు. ఒక కుక్క వచ్చి వాసన చూసి పోయింది. మళ్ళీ కొట్టాడు. చివరికి ఆఫీసుకు ఫోన్ చేశాడు. పడవలు నిండా వచ్చినా చేపలు అమ్మడం లేదంటే, ఎవడో ఎక్కువ రేటిచ్చి ఎగరేసుకుపోతున్నాడని ఆఫీసులో వాళ్ళు తేల్చేశారు. అప్పటికప్పుడు ముఖేష్ మైకు తీసుకుని, "కానాగంతలు కిలోకి నలభై రూపాయలు ఎక్కువ! నలభై రూపాయలు ఎక్కువ!" అని అరిచాడు.

వాకిళ్ళలో కత్తులు ఒక్క క్షణం ఆగాయి.

"చూసినారా!" అంది పిచ్చమ్మ. "కావలిలో ఆ చీటీల కంపెనీవాడు గూడా పారిపోయే ముందే గదా వడ్డీ పెంచింది!"

అంతే. అరకొరగా మిగిలిన చేపలు కూడా ఉప్పులో పడ్డాయి.

ఈ కబురు చేరినట్టుంది, నెల రోజులుగా మొహం చూపించని హజరత్తయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాడు. "నేను లేనా తల్లీ? మీరేం దిగులుపడబాకండి. ఉప్పుచేపలన్నీ నేనే కొంటా" అంటూ ఆయన చెప్పిన రేటుకు చేపల మాట అటుంచి, ఉప్పు ఖర్చు కూడా గిట్టదు.

ముఖేష్ చెమటలు తుడుచుకుంటూ చెంచులక్ష్మి ఇంటికొచ్చాడు. "ఏమైందక్కా? రేపు గూడా ఖాళీగా పోతే బండిని ఇంకో పాళేనికి మార్చేస్తారు. నా పని గూడా పోయేట్టుండాది."

"మీరే పోతా ఉండారంట గదబ్బయా! నిన్న ఫోను గూడా ఎత్తలేదు."

"సినిమాలో ఉన్నానక్కా! మేం పోతున్నామని ఎవరు చెప్పారు?"

"అందరూ."

"అందరంటే?"

నిజమే, అందరంటే ఎవరు? ఆ ప్రశ్న ఇక చెంచులక్ష్మిని నిలవనివ్వలేదు. ముఖేష్‌ను పంపించి, చెప్పులేసుకుని బయల్దేరింది. దుర్గను అడిగితే, కామాక్షి చెప్పిందంది. కామాక్షిని అడిగితే, పిచ్చమ్మత్త ఉప్పు కొనిపెట్టుకోమన్నదంది. తిరిగి తిరిగి తన వీధికే, తన ఎదురింటికే వచ్చి చేరింది.

"అత్తా, వ్యాను ఆగిపోతాదని నీకెవురు చెప్పినారు?"

"నాకొకరు చెప్పేదేందిమే? నా కళ్ళతో నేనే చూసినా."

"ఏం చూసినావు?"

"నువ్వు ఎనిమిది బస్తాలు దించుకోడం!"

చెంచులక్ష్మి ఆ గుమ్మంలోనే చతికిలబడింది. వీధి పొడవునా తొట్లు, తొట్ల నిండా పొద్దున వెండిలా మెరిసిన చేపలు. అంతా తన మూలంగానే సగం ధరకు పడిపోయింది. రేపు వ్యాను కూడా పోతే పాళెమంతా మళ్ళీ హజరత్తయ్య కాటా కిందికే. ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గుతో అది కూడా బయటికి రాలేదు.

శనివారం పడవలు వచ్చే వేళకు అందరికంటే ముందు తీరానికి వెళ్ళి నిలబడింది. ఆడవాళ్ళు బుట్టలతో వచ్చారు, హజరత్తయ్య తన కాటాతో వచ్చాడు. అవతల వ్యాను కూడా వచ్చి ఆగింది. చెంచులక్ష్మి కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేసింది.

"వ్యాను ఎక్కడికీ పోవడం లేదు. ఆ ఉప్పు నేను కొనింది కుక్కరు ఊరికే ఇస్తారని!"

అందరూ ఆమెను జాలిగా చూశారు.

"ఊరుకో అక్కా" అంది దుర్గ. "మమ్మల్ని సముదాయించేదానికి నీ మీద వేసుకోబాక. చవగ్గా వచ్చిందని అవసరం లేనిది కొనే మనిషివా నువ్వు?"

"ఒట్టు దుర్గా!"

"మాకు తెలీదా నీ సంగతి!"

ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న మంచి పేరు కాళ్ళకు అడ్డం పడడమంటే ఇదే. ఒట్టు మీద ఒట్టు వేసింది, ఎవరూ నమ్మలేదు. పిచ్చమ్మైతే దగ్గరికొచ్చి ఆమె వీపు నిమిరింది. ఇంతలో పెంచలకృష్ణ ఇంటి వైపునుంచి ఆయాసపడుతూ వచ్చాడు. చంకలో రెండు పెట్టెలు, నెత్తిన ఒక పెట్టె. మూడు కుక్కర్లనూ ఇసుకలో వరసగా పెట్టి, "ఇడ్లీ పాత్ర గూడా ఉండాది, తెమ్మంటారా?" అన్నాడు.

అందరూ పెట్టెల చుట్టూ మూగారు. ఆ తర్వాత పిచ్చమ్మ మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడింది. దుర్గ కళ్ళు తుడుచుకుంది. "చవగ్గా వచ్చిందని కొనబాకండమ్మా!" అని వెనకనుంచి ఎవరో గొంతు కూడా అనుకరించారు. చెంచులక్ష్మికి తలెత్తబుద్ధి కాలేదు. కానీ బుట్టలు ఒక్కొక్కటే వ్యాను వైపు నడిచాయి, అది చాలు అనుకుంది.

ముఖేష్ ఉత్సాహంగా తూకం వేశాడు. సగం బుట్టలు అయ్యాక, కథంతా విని ఉన్నాడు కాబట్టి, నవ్వుతూ ఫోను తీశాడు.

"అయితే ఇంకెవరూ ఎక్కువ రేటు ఇవ్వలేదన్నమాట. ఆఫీసుకు చెప్పి పాత రేటుకే మార్పించేస్తా."

చెంచులక్ష్మి తలెత్తింది. సిగ్గు ఎక్కడికి పోయిందో, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఉండబ్బయా. నిన్న నలభై ఎక్కువిస్తామన్నారు గదా. ఎందుకు?"

"చేపలు దొరకవేమోనని, అక్కా."

"అట్టా కొన్నా మీకు మిగలతాదా?"

"మిగలకుండా ఎందుకు చెప్తారు..." అనేసి ముఖేష్ నాలుక్కరుచుకున్నాడు.

చెంచులక్ష్మి వెనక్కి తిరిగి ఆడవాళ్ళను చూసింది. తూకానికి వరసలో ఉన్న బుట్టలన్నీ మళ్ళీ నెత్తికెక్కాయి.

"పాళెంలో ఇప్పుడు ఉప్పుకేం కొదవలేదబ్బయా" అంది పిచ్చమ్మ. "తొందరపడి అమ్మాల్సిన పనీ లేదు."

ఉప్పు లేనివాడే దొరికిన రేటుకు అమ్ముకుంటాడని ఇన్నాళ్ళూ హజరత్తయ్యకు ఒక్కడికే తెలుసు. ఆయన ఆ బుట్టల వైపు చూశాడు, వ్యాను వైపు చూశాడు. చేతికందిన చేపలు మళ్ళీ పోతున్నాయన్న కంగారులో, "ఆ నలభై నేనిస్తా!" అని నోరు జారాడు. పాళెం పుట్టాక ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి. అది విని ముఖేష్ ఫోనును జేబులో కాక చెవి దగ్గర పెట్టుకుని, ఆఫీసుతో చాలాసేపు బతిమాలుతూ మాట్లాడాడు. హజరత్తయ్య నలభైలో కోతలు పోగా ఏం మిగులుతుందో అందరికీ తెలుసు గనక, చివరికి వ్యానువాళ్ళు ఎప్పటికీ కిలోకి ఇరవై ఎక్కువ ఇస్తామన్నచోట బేరం తెగింది. బుట్టలు దిగాయి, వ్యాను నిండింది. రేపు కాస్త ముందే వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు ముఖేష్.

ఆ ఆదివారం నెల్లూరులో ఫోన్ నొక్కి కానాగంతలు తెప్పించుకున్న ఇళ్ళవాళ్ళు కొత్త ధర చూసి, డీజిలు రేటును నాలుగు తిట్లు తిట్టుకుని, పులుసు పెట్టుకున్నారు.