కొత్వాల్‌గూడ బీడులో మూడు కట్టెలు

ఆ ఆదివారం జయశీల వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ప్రార్థన కాగానే కొత్వాల్‌గూడలోని అత్తగారి బీడుకు వెళ్ళాలి, దాన్ని ఒకసారి కొలిచి పటం గీయాలి, అన్నం వేళకు శంషాబాద్‌లో ఇల్లు చేరాలి. మర్నాడు ఆమెకు సర్వే ప్రాక్టికల్ పరీక్ష.

బీఎస్సీ ఎప్పుడో అయిపోయిన మనిషికి ఇంకా పరీక్షలేమిటని చుట్టాలు అడుగుతూనే ఉన్నారు. ఆమె మాత్రం ఎయిర్‌పోర్టు పక్కన గోదాం ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే, సాయంకాలం కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. పగలంతా సరుకు లెక్కలు, సాయంత్రం రెండు బస్సులు మారి క్లాసు, ఇంటికొచ్చాక ఒక చేత్తో బిడ్డకు బువ్వ, ఇంకో చేతిలో పుస్తకం. చూసేవాళ్ళకే ఆయాసం వచ్చేది. ఆయాసపడే తీరిక ఆమెకు లేదు.

పోయినసారి ప్రాక్టికల్ ఒక్కటి తప్పింది. జట్టులోని మగపిల్లలు కొలతలన్నీ తామే తీసుకుని, "నువ్వు కట్టె పట్టుకో అక్కా" అని ఏడాదంతా ఆమెను దూరంగా నిలబెట్టారు. తీరా పరీక్షలో కొలవమంటే చేతులాడలేదు. మళ్ళీ తప్పితే పై ఏడాదిలోకి రానివ్వమని కాలేజీవాళ్ళు చెప్పేశారు.

అందుకే భర్త ప్రేమ్ రాజ్ మూడు వెదురు కట్టెలకు ఎర్రరంగు, తెల్లరంగు పట్టీలు వేశాడు. తెలిసిన మేస్త్రి దగ్గర టేపు అడిగి తెచ్చాడు. అన్నీ తన క్యాబ్ మీద కట్టి, పెళ్ళాన్ని, బిడ్డను ఎక్కించుకుని వచ్చాడు. మూడు మూలల బీడుకు మూడు కట్టెలు పాతారు. టేపు ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస ఆయన చేతిలో, ఆయన భుజాల మీద మూడేళ్ళ జెన్నిఫర్.

పక్క పొలంలో కలుపు తీస్తున్న లచ్చమ్మ తలెత్తి చూసింది. ఔటర్ రింగ్ రోడ్డు పడినప్పటి నుంచి ఆ ఊళ్ళో ఎర్రతెల్ల కట్టె కనిపిస్తే పాము కనిపించినట్టే. ముందు కట్టె వస్తుంది, వెనక నోటీసు వస్తుంది, ఆ వెనక పొలం పోతుంది.

"ఏంది బిడ్డా, ఏం కొలుస్తున్నరు?"

తను తప్పిన సంగతి ఊళ్ళో పొక్కకూడదని జయశీల ముందే ఒట్టు వేయించుకుంది. ప్రేమ్ రాజ్‌కు అబద్ధాలు అలవాటు లేవు. "ఏం లేదు పెద్దమ్మా, ఊకెనే కొలుస్తున్నం," అన్నాడు.

శంషాబాద్ చుట్టుపక్కల భూమిని ఊకెనే కొలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు. లచ్చమ్మ కొడవలి అక్కడే పడేసి, అవతలి గట్టు రైతు మల్లేశ్వర్ దగ్గరికి పరుగెత్తింది. మల్లేశ్వర్ చెవిన పడేసరికి అది రోడ్డయింది. మూడో వైపు ప్లాట్లు అమ్ముకుంటున్న దశరథం దాకా వెళ్ళేసరికి, తిన్నగా విమానాల దగ్గరికి పోయే పెద్ద రోడ్డయింది.

ఆ తర్వాత ఎవరి పని వారు గుట్టుగా మొదలుపెట్టారు. భార్యాభర్తలు అటు తిరిగి కొలుస్తుండగా లచ్చమ్మ తన గట్టు మీది కట్టెను పీకి బీడు లోపలికి పాతింది. మల్లేశ్వర్ తన వైపుదీ అలాగే జరిపాడు. చెట్లుంటే పరిహారం ఎక్కువిస్తారని ఎవరో చెప్పగా విన్నాడు కనుక, మునగ కొమ్మలు నరుక్కొచ్చి గట్టు వెంట వరసగా గుచ్చాడు కూడా. దశరథం లెక్క వేరు. పక్కన రోడ్డు పడితే ప్లాట్ల ధర లేస్తుంది. ఆయన మూడో కట్టెను తన వైపు లాక్కున్నాడు.

జయశీల మూడు వైపులా కొలిచి పటం గీసింది. సరిచూసుకోవడానికి అడ్డంగా ఒక కొలత తీసింది. కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకొకటి వచ్చింది. మళ్ళీ కొలిస్తే బీడు చిన్నదయింది. ఇంకోసారి కొలిస్తే దశరథం వైపు సాగింది. ఇందాక లేని మునగతోట ఒకటి కళ్ళకు అడ్డం వచ్చింది. ఆమె టేపు వదిలేసి నేల మీద కూలబడింది.

"నాకు రాదు. రేపు గూడ గంతే."

"తప్పు నీది గాదు, బీడుది," అన్నాడు ప్రేమ్ రాజ్ మనస్ఫూర్తిగా.

"భూమి ఎక్కడన్న తప్పు జేస్తదా?" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే లచ్చమ్మ, మల్లేశ్వర్ ఒకే కట్టె మీద చెయ్యి వేసి ఒకరికొకరు దొరికిపోయారు. నా పొలంలోకి నెడుతున్నావంటే నా పొలంలోకి నెడుతున్నావని తగువు పడ్డారు. నలుగురూ పోగయ్యారు. దశరథం మాత్రం మెల్లగా వచ్చి జయశీల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లె, రోడ్డు ఎటు పోతదో నా ఒక్కనికి జర చెప్పరాదూ?"

ప్రేమ్ రాజ్ ఇక ఆగలేక ఒట్టు గట్టున పెట్టాడు. "రోడ్డు లేదు, ఏం లేదన్నా. రేపు ఈమెకు ఇంజనీరింగ్ పరీక్ష. పోయినసారి ఫెయిలయింది."

మల్లేశ్వర్ తల అడ్డంగా ఊపాడు. "డిగ్రీ అయిపోయిన పిల్ల మల్ల డిగ్రీ ఎందుకు చదువుతది? అబద్ధమైనా నమ్మేటట్టు చెప్పాలె."

పరువు పోయిన సంగతి జయశీల పట్టించుకోలేదు. ఆమె చూపు గట్టు మీది ఖాళీ గుంతల మీద ఉంది. "కట్టెలు జరిపింది మీరా?" అంది. ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించారు. ఆమె మొహం వెలిగిపోయింది. "అయితే నా కొలత మంచిగనే ఉన్నది."

లేచి, కొంగు బిగించి, కట్టెలన్నీ మొదటి గుంతల్లో పాతించింది. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కనుక లచ్చమ్మ వైపు కట్టెకు మల్లేశ్వర్‌ను, మల్లేశ్వర్ వైపు కట్టెకు దశరథాన్ని, దశరథం వైపు కట్టెకు లచ్చమ్మను కాపలా పెట్టింది. ఏది ఎందుకు కొలుస్తోందో ఊరందరికీ చెబుతూ కొలిచింది. చివరి అడ్డకొలత కాగితం మీద, నేల మీద ఒకటే వచ్చింది. లచ్చమ్మ పటంలో తన గట్టును వేలితో తడిమి చూసింది.

"గింత తెలిసి మల్ల చదువుతున్నవా బిడ్డా?"

"చదివితేనే తెలిసింది పెద్దమ్మా."

ఇగ ముందు మా పొలం కొలువంటే మా పొలం కొలువన్నారు. పొద్దు వాలేదాకా ఆమె కొలుస్తూనే ఉంది. మర్నాడు కాలేజీలో కట్టెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ కొట్లాడలేదు, మధ్యలో మునగ మొలవలేదు. అందరికంటే ముందు ఆమే పటం ఇచ్చి వచ్చింది. పాసయిన కబురు ఊరంతా లచ్చమ్మే చాటింది.

వానలు పోయాక ఎర్రతెల్ల కట్టెలతో మరో ఇద్దరు వచ్చారు. ఈసారి ఊరు కంగారు పడలేదు. లచ్చమ్మ మజ్జిగ ఇచ్చి, "పరేషాన్ గాకుండ్రి బిడ్డా, మా జయశీల గూడ మొదలు ఫెయిలే," అని ధైర్యం చెప్పింది. మల్లేశ్వర్ చిగురేసిన మునగ కొమ్మలను అడ్డం లేకుండా వంచి పట్టుకున్నాడు. దశరథం పొద్దంతా ఎండలో నిలబడి తనే కట్టె పట్టుకున్నాడు. పాపం పిల్లలు పాసవ్వాలన్నాడు.

కొత్త రోడ్డు పటం బయటికి వచ్చినప్పుడు, గీత దశరథం ప్లాట్ల నడిమధ్యగా పోయింది. కట్టె పట్టిందెవరో గానీ చాలా నిటారుగా పట్టారని జయశీల మెచ్చుకుంది.