బీడీ పరీక్ష

ఆ పొద్దున గోపాల్ రావు చేతిలో ఉన్నవి ఇవి: మల్లాపూర్ దారిలోని సొంత ఊళ్ళో ఒక రైసుమిల్లు, చెప్పిన మాట జవదాటని ఉపసర్పంచ్ రాజనర్సు, ఎవరూ వంక పెట్టలేని ఒక ఉపాయం. లేనిదల్లా మిల్లు పక్కనున్న పంచాయతీ జాగా. వడ్లు ఆరబోసుకోవడానికి ఆ జాగా దొరక్కపోతే మిల్లు సగం నెలలు ఖాళీగా నిలబడుతుంది. దానికి సర్పంచ్ సత్తయ్య సంతకం కావాలి. సత్తయ్య పెట్టడు. సత్తయ్య కుర్చీ దిగితే రాజనర్సు ఎక్కుతాడు, ఎక్కిన సాయంత్రమే సంతకం పెడతాడు.

సత్తయ్యను దించడానికి కల్లు సీసా చాలుననుకున్నాడు గోపాల్ రావు. నక్సలైట్ అన్నలు సారా బంద్ చేయించిన రోజులవి. గీత పనివాళ్ళ బతుకుదెరువని కల్లును మాత్రం వదిలేశారు. చెట్టు కల్లు ఎందరికని సరిపోతుంది? కల్లు డిపోలవాళ్ళు నీళ్ళలో తెల్లటి మత్తుమందు కలిపి సీసాల్లో నింపేవారు. పొద్దున్నే సీసా ఎత్తనిదే సత్తయ్యకు తెల్లవారదు. అందుకని మహిళా సంఘం పెద్ద మొగిలవ్వ నోట గోపాల్ రావు ఒక మాట పలికించాడు: "మనల్ని ఏలెటోళ్ళు మత్తుల ఉండద్దు. ఎన్నికైనోళ్ళందరికి పరీక్ష పెట్టాలె. తప్పినోడు కుర్చీ దిగాలె." అందులో 'అందరికి' అన్నది గోపాల్ రావు సొంతంగా చేర్చిన ముక్క. సత్తయ్య ఒక్కడి పేరే ఎత్తితే కుట్ర అంటారని భయం.

చిక్కల్లా ఏమిటంటే, రాజనర్సు కూడా తాగుతాడు. అందుకే రెండు రోజుల ముందే అతన్ని కోరుట్ల తీసుకువచ్చి, తన ఇంటి మేడ మీది గదిలో పెట్టి తాళం వేశాడు. రెండు రాత్రులూ నిద్రపోకుండా కాపలాకు తనే కూర్చున్నాడు.

"మీదున్నాయన గోడతోని మాట్లాడుతున్నడు," అంది గోపాల్ రావు భార్య గిరిజ, చాయ్ అందిస్తూ.

"ఏమంటున్నడు?"

"సీసా తెమ్మంటున్నడు. గోడ తెస్తనే అన్నదట, మీరే అడ్డం పడ్డరట. నోటికొచ్చినట్టు తిడ్తున్నడు."

"తిట్టనియ్. పొద్దుగూకేసరికి సర్పంచ్ అయితడు."

"గోడకా?"

గోపాల్ రావు చాయ్ కప్పు ఎత్తాడు. సగం చాయ్ సాసరులోకి ఒలికింది. నిద్ర లేక అనుకున్నాడు.

గోపాల్ రావు రాజనర్సును వెంటబెట్టుకుని ఊరికి వచ్చేసరికి పంచాయతీ ఆఫీసు ముందు జనమంతా పోగయ్యారు. పరీక్ష చేయడానికి కోరుట్ల నుంచి ఆర్ఎంపీ డాక్టర్ రాజమౌళి వచ్చాడు. వచ్చీ రాగానే చేతులెత్తేశాడు.

"నెత్తురు తీసి హైదరాబాద్ పంపాలె. జవాబు వచ్చేసరికి మల్ల ఎలచ్చన్లు వస్తయి," అన్నాడు.

"పోనీ నోరు వాసన సూడున్రి," అన్నాడు గోపాల్ రావు.

"ఊరంత గదే వాసన, సారూ," అంది మొగిలవ్వ. "మా ఆయన పక్కకు నిలబడి వచ్చిన. ముందుగాల నేనే ఫెయిలైత." దొర అనవద్దని అన్నలు చెప్పినప్పటి నుంచి ఆమె సారూ అంటోంది. "నేనొక తీరు చెప్త. గీ ఊళ్ళె తల్లి పక్కన కూసోని బీడీలు చెయ్యని మొగోడు ఎవడున్నడు? ఒక్క బీడీ చుట్టి దారం కట్టాలె. మత్తుల ఉన్నోని చెయ్యి ఆగుతదా?"

గోపాల్ రావుకు ఈ మాట తెగ నచ్చింది. "భేష్. గట్లనే కానియ్," అన్నాడు.

ముందు సత్తయ్య కూర్చున్నాడు. పరీక్ష అనేసరికి ధైర్యానికని ఆ పొద్దున ఇంకో సీసా ఎక్కువే తాగి వచ్చాడు. ఆకు తీసుకున్నాడు, తంబాకు పోశాడు, చుట్టాడు, మూతి మడిచాడు, దారం కట్టాడు. రవ్వంత తంబాకు కింద రాలలేదు. మొగిలవ్వ బీడీని అటూ ఇటూ తిప్పి చూసింది. "కార్ఖానల గూడ వంక పెట్టరు. పాస్," అంది.

తరువాత రాజనర్సు. రెండు రోజులుగా చుక్క పడని మనిషి మెడ ఒక పక్కకు తిరిగిపోతోంది. ఆకు పట్టుకోగానే చినిగింది. తంబాకు ఎగిరి డాక్టర్ ఒళ్ళో పడింది. రాజనర్సు దారంతో ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"సూడున్రి, ఎంత తాగిండో," అంది మొగిలవ్వ.

"తాగలే," అన్నాడు గోపాల్ రావు. "రెండు దినాలాయె, ముట్టలే. నేనే తలుపేసి పెట్టిన."

"తలుపేసి తాపినవా సారూ? కోరుట్లల సారా ఇంక దొరుకుతున్నదా?"

జనం గొల్లుమన్నారు. గోపాల్ రావు చెయ్యి ఊపుతూ గొంతు పెంచాడు. ఆ చేతిని వార్డు మెంబరు ఓదెలు చూశాడు.

"సారు చెయ్యి గూడ అదురుతున్నది," అన్నాడు.

"నాకెందుకురా పరీక్ష?"

"మీరు సహకార సొసైటీ చైర్మన్ గద. ఎన్నికైనోళ్ళందరికి అన్నరు."

పోటీగా ఎవరూ నామినేషన్ వెయ్యకపోవడంతో, తాను కూడా ఎన్నికైనవాడినే అన్న సంగతి గోపాల్ రావు లెక్కలోకి రాలేదు. "మా ఇంట్ల బీడీలు చెయ్యలే," అన్నాడు.

"చేసుడద్దు. ఆకుల తంబాకు పోస్త, పట్టుకో సాలు," అంది మొగిలవ్వ.

పట్టుకున్నాడు. తంబాకు అటు కొంత, ఇటు కొంత రాలి, చివరికి ఆకు ఒక్కటే మిగిలింది. డాక్టర్ రాజమౌళికి జాలి వేసింది. అదే కొంప ముంచింది.

"సారు తాగడు," అన్నాడు నిలబడి. "నిద్రకు నేనే గోలీలిస్తున్న. రెండు దినాలు ఏసుకోనట్టున్నడు. డిపోల కలిపే మందు, గీ గోలీ ఒక్క జాతివే. భయమేం లేదు."



"అంటె కల్లు లేకుంట ఉత్త మందే తింటున్నవా సారూ?" అంది మొగిలవ్వ.

ఆ గోలీలు ఎందుకో గోపాల్ రావు చెప్పుకోవచ్చు. రాత్రి కుక్క మొరిగితే అన్నలేమోనని, పగలు జీపు ఆగితే పోలీసులేమోనని భయం. కానీ ఆ గుంపులో అన్నలకు మాట మోసేవాడూ ఉన్నాడు, పోలీసులకు మోసేవాడూ ఉన్నాడు. నోరు మూసుకున్నాడు. ఆ సాయంత్రమే చైర్మన్ పదవికి రాజీనామా రాసి ఇచ్చాడు. రాజనర్సు సంతకం చెయ్యలేక తన రాజీనామా మీద వేలిముద్ర వేశాడు, అదీ ఎవరో చెయ్యి పట్టుకుంటే.

కుదురుగా మిగిలింది సత్తయ్య ఒక్కడే. జరిగింది ఆయనకు బాగానే అర్థమైంది. "మందు బందైతే చేతులు ఆగయి. మెంబర్లు ముందుగాల తాగాలె, తర్వాత మీటింగుకు రావాలె," అని తీర్మానం పెట్టాడు. డిపో దగ్గర్లో ఉంటే మంచిదని, దానికి మిల్లు పక్కనున్న జాగా ఇచ్చేశాడు.

మొగిలవ్వ అడ్డం తిరిగింది. "మేం బంద్ చేద్దామని పరీక్ష పెడ్తిమి."

"పరీక్ష పెట్టింది మీరే, అక్కా. పాసైంది నేను," అన్నాడు సత్తయ్య, సంతకం పెడుతూ. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

నెల తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా బీడీ పరీక్ష పెట్టారు. అన్నిచోట్లా చెయ్యి వణకని నాయకులే దొరికారు.

అన్నీ తీసివేయగా గోపాల్ రావుకు నికరంగా మిగిలింది, కల్లు డిపో పక్కన ఒక మిల్లు.