మూడు కృతజ్ఞతలూ ఒక కుర్చీ

"ప్రపంచంలో డిటెక్టివులు రెండు రకాలు. నేరం జరిగాక పట్టుకునేవాళ్లు, జరగబోతుంటే పసిగట్టేవాళ్లు. నేను మూడో రకం," అని ప్రకటించాడు భూతద్దం బాబాయి, స్టోరు గదిలో ఒక చక్రాల కుర్చీ ఎక్కి గిర్రున తిరుగుతూ.

"మూడో రకమంటే?" అన్నాడు స్టోర్ కీపరు. ఆయన బాబాయికి స్వయానా బావమరిది. అందుకని వినక తప్పదు.

"నేరం జరిగిందో లేదో తేలకముందే నేరస్థుణ్ణి పట్టుకునే రకం!"

"ముందు కుర్చీ దిగు బావా. అది నడవలేనివాళ్లకి."

నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే సేవాసంస్థ అది. బాబాయి ముప్పయ్యేళ్లు రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. టిక్కెట్టు వంక చూడకుండానే చిల్లు పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. తర్వాత జేబులో భూతద్దం వేసుకుని డిటెక్టివ్ అయిపోయాడు. అది చత్వారం వచ్చాక కొన్నదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

సంస్థలో ఆయన పని ఒక్కటే. వచ్చిన ఉత్తరాలన్నీ ఏఐ చదువుతుంది. ఏది దరఖాస్తో, ఏది కృతజ్ఞతా పత్రమో విడదీసి, జవాబు కూడా తనే రాసిపెడుతుంది. మనిషి చూడకుండా ఏదీ బయటికి పోకూడదని సంస్థ నడిపే మేడమ్ నియమం. అందుకని బాబాయి ఫోనులో 'చూశాను' అనే బటన్ ఉంది. ఆ బటన్ నొక్కడంలో కూడా ఆయన్ని మించినవాడు లేడు.

"ఈ జాబితా చూడరా," అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "ఒకే దర్జీ ఆవిడ నాలుగు నెలల్లో మూడు కృతజ్ఞతా పత్రాలు రాసింది. నీ రిజిస్టరులో ఆవిడ పేరే లేదు. కుర్చీ అందని మనిషి కృతజ్ఞతలెందుకు చెప్తుంది? కొట్టేసింది కాబట్టి! అంతరాత్మ పొడుస్తోంది."

"లెక్క ప్రకారం స్టోరులో ఉండాల్సిన కుర్చీలు పద్నాలుగు బావా. పద్నాలుగూ ఇక్కడే ఉన్నాయి."

"ఈ కేసులో రక్తం గడ్డకట్టించే అంశం అదే!"

"ఈమధ్య మంచిగా అడిగేవాళ్లే లేకుండా పోయారు. కుర్చీ తీసుకెళ్లేవాళ్లంతా నన్ను తిట్టి మరీ తీసుకెళ్తున్నారు. అది సరేగానీ, ఆవిడ ఉత్తరాలు చదివావా?"

"చదవడం గుమాస్తాల పనిరా. డిటెక్టివ్ నేర సరళిని పట్టుకుంటాడు," అని బాబాయి జాబితాలోని చిరునామా పట్టుకుని బయల్దేరాడు.

దర్జీ ఇల్లు రెండే గదులు. ముందు గదిలో కుట్టుమిషను, గుడ్డముక్కలు. వెనక గదిలోంచి ఎవరో దగ్గుతున్నారు. బాబాయి పిల్లిలా గుమ్మం దాటి, ఆధారాల కోసం భూతద్దం కంటికి ఆనించుకుని, నేల మీది దారపు రీలు తప్ప అన్నీ చూశాడు. ఆ రీలు మీదే కాలేశాడు.

ఆ చప్పుడుకి దర్జీ వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో! ఎవరండీ మీరు?"

"నీ నేరం బయటపడిందమ్మా," అన్నాడు బాబాయి, వెల్లకిలా పడుకునే. "చీలమండ మాత్రం బెణికింది."

ఆవిడ గుడ్డపేలికతో గట్టిగా కట్టు కట్టింది. "పాపం, ఎవరే ఆయన? లోపల పడుకోబెట్టు," అంది వెనక గదిలోంచి ముసలావిడ.

బాబాయి లేచి నిలబడలేకపోయాడు. బావమరిదికి ఫోను చేసి కుర్చీ తెమ్మన్నాడు.

"ఉత్తరం రాయాలి బావా. ఏఐ మంజూరు చేసి, మనిషి చూస్తేనే కుర్చీ గడప దాటుతుంది. నువ్వైనా అంతే."

బాబాయికి ఒళ్లు మండింది. దర్జీ కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాశాడు: 'నిద్రపోతున్నారా అందరూ? కాలు మడతపడి చస్తున్నాను. కుర్చీ పంపుతారా, పాక్కుంటూ వచ్చి మీ సంగతి తేల్చమంటారా?' దాన్ని ఫొటో తీసి పంపాడు.

నిమిషం తిరక్కుండా ఆయన ఫోనే మోగింది. 'అత్యవసర దరఖాస్తు. కుర్చీ మంజూరు.' అలవాటుగా బొటనవేలు 'చూశాను' మీద పడింది.

దర్జీ అదంతా నిలబడి చూస్తోంది. "చదవకుండానే నొక్కారేంటండీ?"

"నేను రాసిందేగా. చదవడమెందుకు?"

"మరి నావి మీరు రాసినవి కావుగా?"

ఆవిడ గోడ మేకుకు తగిలించిన మూడు కాగితాలు తీసింది. మూడింటి మీదా ఒకటే మాట: 'మీ ఆత్మీయ కృతజ్ఞతలకు మా కృతజ్ఞతలు.' మూడింటి అడుగునా 'పరిశీలించినవారు' అని బాబాయి సంతకం.

"అడిగేముందు నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద కదండీ. రెండు పేజీలు మీ సేవని మెచ్చుకుని, చివర్లో ఒక్క లైను అడిగాను. అమ్మకి తుంటి విరిగింది, కుర్చీ ఇప్పించమని. ఎత్తుకెళ్లే మనిషి లేక రెండుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేకపోయాను. ఈ శుక్రవారం కూడా తీసుకెళ్లకపోతే ఎముక వంకరగానే ఉండిపోతుందన్నారు."

మర్యాదగా రాసినవాళ్లందరినీ యంత్రం కృతజ్ఞతల కట్టలో పడేస్తోంది. అది పొరపాటు పడితే పట్టుకోవడానికి పెట్టిన మనిషి ఎవరో బాబాయికి భూతద్దం లేకుండానే కనిపించాడు.

బావమరిది కుర్చీ తోసుకుంటూ వచ్చి, "ఎక్కు బావా," అన్నాడు.

"ఇది నాది కాదురా. వెనక గదిలోకి తీసుకెళ్లు," అన్నాడు బాబాయి. తను బావమరిది భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ ఆఫీసుకు చేరాడు.

"కేసు తేలింది మేడమ్. నేరస్థుణ్ణి పట్టుకొచ్చాను," అన్నాడు.

"ఎక్కడ?"

"ఇదిగో, గెంతుతున్నాడు."

మేడమ్ అంతా వింది. "యంత్రం తప్పు చేస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే మిమ్మల్ని పెట్టాను," అంది నెమ్మదిగా. ఆవిడ అరిచి ఉంటే బాబాయికి కొంచెం తేలిగ్గా ఉండేది.

రెండు రోజులు ఆయన కదలకుండా కూర్చుని కృతజ్ఞతల కట్టంతా భూతద్దంతో చదివాడు. దర్జీవి మూడూ పోగా మిగిలిన నలభై ఒక్క ఉత్తరాల్లో పంతొమ్మిది కుర్చీ కోసం రాసినవి. స్టోరు ఖాళీ అయింది, ఇంకా ఆరుగురు మిగిలారు. వాళ్లకి ఆయనే ఫోన్లు చేసి, తప్పు తనదని ఒప్పుకున్నాడు. శుక్రవారం దర్జీ తల్లి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది.

మరుసటి వారం దర్జీ నుంచి నాలుగో ఉత్తరం వచ్చింది. 'అమ్మ వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. కానీ నాలుగు నెలలా? కళ్లు లేవా మీకు? చివరిదాకా చదివే ఓపిక లేని మనిషిని అక్కడెందుకు కూర్చోబెట్టారు?'

దాని పక్కన ఏఐ రాసింది: 'అత్యవసర దరఖాస్తు. మరో కుర్చీ మంజూరు.'

బాబాయి బొటనవేలు లేచింది. గాలిలోనే ఆగింది. భూతద్దం తీసి ఆఖరి లైను రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్లూ ముట్టని 'కాదు' బటన్ నొక్కాడు. కారణం రాయాల్సిన చోట ఇలా రాశాడు: 'ఇది దరఖాస్తు కాదు. తిట్టు. అందవలసిన మనిషికే అందింది.'