ఆడ కేడీలు కావలెను

"స్త్రీ ఏ రంగంలోనూ పురుషుడికి తీసిపోరాదు. నేరరంగం ఇందుకు మినహాయింపు కాదు!" అని జైళ్ల మంత్రిగారు ఆదోని కోట కింది మైదానంలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. మొదటి వరుసలో ఉన్న ఎమ్మిగనూరు పార్టీ ప్రెసిడెంటు శేషప్ప లేచి నిలబడి మరీ కొట్టాడు. మంత్రిగారికి తన మాట తనకే నచ్చింది. ఇంకొకసారి అన్నారు.

కొత్త రాష్ట్రం వచ్చి ఏడాది నిండలేదు. కర్నూలులో ఆఫీసులు ఇంకా డేరాల్లోనే ఉన్నాయి. గట్టిగా గాలి వీస్తే ఫైళ్లు తుంగభద్ర వైపు బయలుదేరుతున్నాయి. అటువంటి రోజుల్లో కూడా మంత్రిగారు తన సంగతి చూసుకోకుండా ఆడవాళ్ల కోసం ఆదోనిలో ఒక జైలు కట్టించారు. ఇరవైనాలుగు గదులు, నల్లరాతి గోడ, ఏనుగును ఆపగల ఇనుప గేటు, మధ్యలో బావి. లోపల వేయడానికి మనుషులు మాత్రమే తక్కువ.

"ఐర్లండులో ఒకామె ఓడలు వేసుకొని సముద్రం మీద దోపిడీలు చేసింది," అన్నారు మంత్రిగారు చేతిలోని కాగితం చూసి. "చైనాలో ఒకామె వందల ఓడల దొంగలను ఏలి, చివరికి సర్కారుతోనే రాజీ కుదుర్చుకుంది. ఇంగ్లండులో ఒక రాణి రోమనుల మీద తిరగబడి లండనును తగలబెట్టింది. మరి మన ఆదోని తాలూకాలో ఏరమ్మా? ఎందుకీ వెనుకబాటు?"

ఆడవాళ్ల వైపు కొందరు సిగ్గుతో తలలు దించుకున్నారు.

"పదిహేను రోజుల్లో ప్రారంభోత్సవానికి వస్తాను. పత్రికలవాళ్లను తెస్తాను. ఆనాటికి లోపల ఒక్కరైనా పేరుమోసిన స్త్రీ ఉండాలి. చిల్లర దొంగలు వద్దు. చరిత్రకు పనికొచ్చే మనిషి కావాలి!"

సభ ముగిశాక డి.ఎస్.పి. గారు సబిన్‌స్పెక్టరు పౌలు భుజం మీద ప్రేమగా చెయ్యి వేశారు.

"ఏం పౌలూ, దొరుకుతుందా?"

"వెతుకుతాను సార్."

"వెతుకు. దొరక్కపోతే కంగారు పడొద్దు. ఇచ్ఛాపురంలో ఒక ఖాళీ ఉంది. రాష్ట్రానికి ఆ చివర. సముద్రపు గాలి వస్తుందట."

పౌలుకు పెళ్లయి ఇరవైరెండు రోజులు. ఆ ఇరవైరెండు రోజులుగా లోకంలో ప్రతి వస్తువూ ఆయనకు కొత్తగా కనబడుతోంది. పొద్దున తినే బొరుగుల ఉగ్గానిలో పచ్చిమిరపకాయ నమిలినా నవ్వొస్తోంది. ఆయన భార్య సంతోషమ్మ ఇంటర్మీడియెట్ చదివి ఆదోనిలోనే బళ్లో టీచరుగా ఉంది. ఆమె ఉద్యోగం ఇక్కడ, ఆయన ఇచ్ఛాపురంలో అయితే, మధ్యలో రాష్ట్రమంతా ఉంటుంది. ఆ మాట తలచుకోగానే పౌలుకు సముద్రపు గాలి అప్పుడే తగిలినట్టు వణుకు పుట్టింది.

కోటకింద స్టేషనులో హెడ్‌కానిస్టేబులు చోటే సాబ్ కేడీ రిజిస్టరు దుమ్ము దులిపి తెచ్చాడు.

"పదిహేనేండ్లవి చూసినా సార్. ఆడవాళ్ల కాలమ్ నిండా నిల్లే."

"ఒక్క కేసన్నా లేదా?"

"ఒకటుండాది సార్. ఆస్పరిలో ఒకామె పట్టపగలు మేకను ఎత్తుకపోయింది."

"శభాష్! యాడుంది ఆమె?"

"విచారిస్తే ఆ మేక ఆమెదే అని తేలింది సార్."

పౌలు దిగులుగా ఇంటికి పోయాడు. సంతోషమ్మ కొత్త పింగాణీ కంచంలో అన్నం పెడుతూ సంగతంతా విన్నది. చరిత్ర ఆమెకు ఇష్టమైన సబ్జెక్టు.

"తిరుగుబాటు ఊరికే పుట్టదండీ. అన్యాయం ఉన్నచోట పుడుతుంది. అక్కడ వెతకండి."

"అన్యాయం మా డిపార్టుమెంటుది కాదు సంతోషా. అది రెవెన్యూవాళ్లది."

"అయితే వాళ్లకు ఒక లెటరు రాసి తెప్పించుకోండి."

ఇంత తెలివైన భార్యను వదిలి ఇచ్ఛాపురం పోవడం ఎట్లా అని పౌలుకు ముద్ద దిగలేదు. రెండోసారి వడ్డించుకున్నది కూడా అతికష్టం మీద తిన్నాడు.

మరునాడు ఊళ్లో దండోరా వేయించాడు. "ఆడ కేడీలు కావలెనహో! పేరుమోసినవాళ్లు మాత్రమే స్టేషనుకు రావలెనహో!" మూడు రోజులు గడిచాయి. ఒక్కరూ రాలేదు. నాలుగో రోజు చోటే సాబ్ తన సొంత బుద్ధితో ఇంకొక మాట కలిపించాడు. "జైలు బావిలో మంచినీళ్లు పడినాయహో! లోపలుండేవాళ్లు ఎన్ని కడవలైనా తోడుకోవచ్చునహో!"

కోట కింది వీధుల్లో బావులన్నీ ఉప్పునీళ్లు. మంచినీళ్లకు రెండు మైళ్లు నడవాలి. ఐదో రోజు పొద్దున పౌలు స్టేషనుకు వచ్చేసరికి నూట నలభై మంది ఆడవాళ్లు కడవలతో సహా వరుసకట్టి ఉన్నారు. తాలూకాలో నేరం ఇంతగా అభివృద్ధి చెందిన సంగతి అంతవరకు డిపార్టుమెంటుకు తెలియదు.

అందరికంటే ముందు నిలబడింది జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి ఏరే మారెమ్మ.

"రాసుకో సారూ. నేను ఆఫీసరు జీపు అద్దం పగలగొట్టినా."

"ఏంటికి?"

"నీళ్లు తెస్తాంటే అడ్డమొచ్చినాది. కడవ తగిలి అద్దం పాయ. నా కడవ గూడా పాయనుకో."

"అది పొరపాటు. నేరం కాదు."

"అట్లంటే ఎట్ల సారూ? కావాలంటే ఇప్పుడు పోయి ఇంకోటి పగలగొట్టొస్తా!"

వెనక నుంచి పీరాంబీ ముందుకు తోసుకొచ్చింది. "జీపు అద్దం ఎవరైనా పగలగొడ్తారు సాబ్. నేను మా వీధి కొళాయి పీకి ఇంటికి తీస్కపోయినా."

"కొళాయి ఎందుకమ్మా?"

"నీళ్లే రానప్పుడు అది ఆడుండి ఏం జేస్తాది? పొయ్యేవాళ్లందరూ దాని తట్టు సూసి ఏడుస్తాండారు. ఇంట్లో ఉంటే గుడ్డలన్నా తగిలించుకోవచ్చు."

"ఓయబ్బ! ఇదొక దొంగతనమా?" అంది మారెమ్మ. "దీని మొగానికి కేడీ ఒకటి!"

"నీ మొగానికేమో రాసిపెట్టినాదా?"

నేను చెడ్డంటే నేను చెడ్డనని నూట నలభై మందీ అరిచారు. తన అత్తను పదేళ్లుగా ఏడిపిస్తున్నానని ఒకామె చెప్పగా, అత్త అక్కడే ఉండి, కాదు తానే కోడలిని ఏడిపిస్తున్నానని వాదించింది. పౌలు కళ్లు ఆనందంతో చెమర్చాయి. చైనాకు ఏం తక్కువ అనుకున్నాడు.

అయితే ప్రభుత్వం తొందరపడేది కాదు. 'పేరుమోసిన నేరస్తురాలిగా గుర్తింపు కోరు దరఖాస్తు' అనే ఫారం కర్నూలు నుంచి వచ్చింది. మూడో కాలమ్ దగ్గర పని ఆగిపోయింది.

"నీ మొగుని పేరు?" అని అడిగాడు పౌలు.

జీపు అద్దం పగలగొట్టిన మారెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సిగ్గు లేకుండా అట్ల అడుగుతావేంది సారూ!"

"ఫారంలో ఉండాది."

"సంకెళ్లు వెయ్యి, చీకటి కొట్లో పెట్టు. మొగుని పేరు మాత్రం నా నోట రాదు."

చివరికి మారెమ్మ మొగుడి పేరు పీరాంబీ, పీరాంబీ మొగుడి పేరు మారెమ్మ చెప్పేట్టు రాజీ కుదిరింది. మిగతావాళ్లూ అదే పద్ధతి పాటించారు. ఒకరి మొగుళ్ల పేర్లు ఒకరు చెప్పుకొని పడీపడీ నవ్వారు. నూట నలభై ఫారాలు నిండడానికి రెండు రోజులు పట్టింది.

చివరి కాలమ్‌లో గెజిటెడ్ ఆఫీసరు ఇచ్చిన సత్ప్రవర్తన సర్టిఫికెట్టు జతచేయాలని ఉంది. ఉద్యోగాల దరఖాస్తును చూసి ఈ దరఖాస్తు తయారుచేశారు కాబట్టి అది ఉండక తప్పదు. డెబ్బై మంది ఆస్పత్రి డాక్టరును బతిమాలి సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. డెబ్బై మందికి దొరకలేదు. పదమూడో రోజున కర్నూలు నుంచి జవాబు వచ్చింది. సర్టిఫికెట్టు ఉన్న డెబ్బై మంది సత్ప్రవర్తన కలవారు కాబట్టి అనర్హులు. సర్టిఫికెట్టు లేని డెబ్బై మంది దరఖాస్తులు అసంపూర్తిగా ఉన్నవి కాబట్టి తిరస్కరించడమైనది.

అదే కవరులో ఇంకొక కాగితం ఉంది. 'ఎమ్మిగనూరు వాస్తవ్యురాలు ఉచ్చీరమ్మ, వయస్సు డెబ్బై, పేరుమోసిన నేరస్తురాలిగా గుర్తించడమైనది.'

పౌలు సైకిలెక్కి ఎమ్మిగనూరు పోయాడు. ఉచ్చీరమ్మ శేషప్పకు మేనత్త. అరుగు మీద కూర్చొని చేటలో శనగలు చెరుగుతోంది.

"అవ్వా, నువ్వేం నేరం చేసినావు?"

"నేనేం చేస్తాను నాయనా? మా శేషప్ప మంత్రిగారితో మాట్లాడినా, ఆదోనిలో నీకొక గది ఇప్పిస్తా అన్యాడు. గాలి తగుల్తాదంటనా?"

శేషప్ప లోపలి నుంచి వచ్చి పౌలును పక్కకు తీసుకుపోయాడు. "సూడప్పా పౌలూ. మంత్రి పదవి కర్నూలోళ్లు తీస్కపోయినారు. జైలు ఆదోనోళ్లు తీస్కపోయినారు. ఎమ్మిగనూరుకు ఇంతవరకు ఏ పదవీ రాలేదు. ఇదన్నా మాకు ఇడ్సిపెట్టండి."

ఇందులో న్యాయం ఉందని పౌలుకు తోచింది. ఎవరైతేనేం, ఇచ్ఛాపురం తప్పింది. ఆ సాయంత్రం సంతోషమ్మకు మూర మల్లెపూలు తీసుకుపోయాడు.

ప్రారంభోత్సవం రోజున ఉదయం తొమ్మిదికి ఉచ్చీరమ్మ ఎద్దులబండి జైలు ముందు ఆగింది. బండిలో పరుపు, రెండు ఊరగాయ జాడీలు, విసనకర్ర ఉన్నాయి. శేషప్ప చెయ్యి అందించాడు. ఆమె ఒక కాలు కింద పెట్టి, గేటు వైపు చూసి, ఆ కాలు మళ్లీ పైకి తీసుకుంది.

"దచ్చిణం మొగం గేటు! దీంట్లోకి నేను అడుగు పెట్టను."

"అత్తా, మంత్రిగారు వస్తాండారు!"

"ఆయప్పనే పొమ్మను లోపలికి. ఒరే, బండి తిప్పు!"

బండి తిరిగింది. శేషప్ప "అత్తా! పదవి పోతాది అత్తా!" అని అరుస్తూ దాని వెంట పరుగెత్తాడు. పదికి మంత్రిగారు వస్తారు. జైలు ఖాళీ. పౌలు గేటు పట్టుకొని నిలబడిపోయాడు. పక్కన సంతోషమ్మ కొత్త ఇత్తడి బిందె చంకన పెట్టుకొని ఉంది. ప్రారంభోత్సవం చూసి, వీలైతే ఒక బిందె మంచినీళ్లు పట్టుకుపోదామని వచ్చింది. గోడ నీడన నూట నలభై మంది కడవలతో అదే ఆశతో కూర్చున్నారు.

"గేటు తెరవండి," అంది సంతోషమ్మ.

"వాళ్లు నేరస్తులు కారని గవర్నమెంటే రాసిచ్చినాది గదా!"

"ఒక గంట సేపే గదండీ. వాళ్లు నీళ్లు తోడుకుంటారు, మంత్రిగారు చూసుకుంటారు. తర్వాత ఎవరింటికి వాళ్లు. రండమ్మా!"

అంటూ ఆమే అందరికంటే ముందు బిందె ఊపుకుంటూ లోపలికి పోయింది. బావిలో అంత దగ్గరగా నీళ్లు చూసి చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది.

మంత్రిగారు లోపలికి తొంగిచూసి నిశ్చేష్టులయ్యారు.

"ఎంతమందయ్యా?"

"నూట నలభై ఒకటి సార్."

"ఇరవైనాలుగు గదులకు నూట నలభై ఒకటి! ఐర్లండు ఏమైంది? ఇంగ్లండు ఏమైంది? రాసుకోండయ్యా!"

ఒక విలేకరి కటకటాల దగ్గరికి పోయి మారెమ్మను అడిగాడు. "నువ్వేం నేరం చేసినావమ్మా?"

"నీళ్లకొచ్చినా సామీ."

"విన్నారా!" అన్నారు మంత్రిగారు. "నీళ్లు! ఆ ఐర్లండు ఆమెదీ నీళ్ల మీద నేరమే. చైనా ఆమెదీ నీళ్ల మీదే!"

ఆయన గేటు స్వహస్తాలతో మూసి, తాళం స్వహస్తాలతో వేసి, తాళంచెవిని పౌలుకు బహూకరించారు. ఫొటో తీశారు. నూట నలభై ఒకటి అనే అంకె అక్కడి నుంచే ఢిల్లీకి టెలిగ్రాములో పోయింది.

మధ్యాహ్నానికి కడవలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. "తలుపు తియ్యి సారూ. ఎసరు పెట్టుకోవాల." పౌలు డి.ఎస్.పి. గారి దగ్గరికి పరుగెత్తాడు.

"విడుదల చేస్తావా? ఏ ఆర్డరు మీద?"

"వాళ్లను అరెస్టే చేయలేదు గదా సార్."

"అదే చెబుతున్నాను. అరెస్టు చేసినవాళ్లను విడుదల చేయడానికి ఫారం ఉంది. చేయనివాళ్లను విడుదల చేయడానికి లేదు. ఢిల్లీకి అంకె పోయింది పౌలూ. ఒక్కరు తగ్గినా జైలు బద్దలుకొట్టుకొని పారిపోయినట్టే. అప్పుడు ఇచ్ఛాపురం కూడా ఉండదు, డిస్మిసే."

లోపలివాళ్లు సాయంత్రం దాకా తిట్టారు. తర్వాత తలస్నానాలు చేశారు. రెండు మైళ్లు మోయకుండా నీళ్లు దొరకడం వాళ్లకు అదే మొదటిసారి కాబట్టి మర్నాడు ఇంకొకసారి చేశారు. మొగవాళ్లు బయట నుంచి జొన్నరొట్టెలు అందించి, నిండు చెంబులు అందుకొని పోతున్నారు. రోజూ సాయంత్రం పౌలు తలలు లెక్కపెట్టి 'సరిపోయినది' అని సంతకం చేస్తున్నాడు.

నాలుగో రోజున ఆర్డరు వచ్చింది. అంకె తగ్గకుండా ఉన్నంతకాలం సబిన్‌స్పెక్టరు పౌలును ఆదోని నుంచి కదిలించరాదు. ఆయన ఆ కాగితం పట్టుకొని గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"సంతోషా! ఈడనే ఉండమన్నారు! నేను యాడికీ పోను!"

తడి జుట్టు ఆరబెట్టుకుంటున్న సంతోషమ్మ కటకటాలు పట్టుకొని ఎగిరింది. "నేను కూడా!"

పౌలు గొంతు తగ్గించాడు. "వెనకవైపు చిన్న తలుపుంది. నువ్వొక్కతే..."

"ఛీ! లెక్క ఒకటి తగ్గితే మీ ఉద్యోగం పోదూ? మీకోసం నేను ఈ మాత్రం ఉండలేనా?" అంది సంతోషమ్మ కళ్లు మెరుస్తుండగా. "ములాఖత్‌కు అర్జీ పెట్టుకోండి. పదిహేను రోజులకొకసారి పది నిమిషాలు ఇస్తారంట."

పౌలు స్టేషనుకు పోయి, బల్లకు ఇవతల నిలబడి, ములాఖత్ ఫారం గుండ్రటి అక్షరాలతో నింపాడు. ముద్దాయి పేరు, ముద్దాయితో బంధుత్వం రాశాడు. 'మాట్లాడదలచిన విషయము' అన్నచోట ఆలోచించి ఆలోచించి 'ఊరికే' అని రాశాడు. సంతకం చేసి ఫారాన్ని బల్లమీద పెట్టాడు.

తర్వాత బల్లకు అవతలికి పోయి, టోపీ సర్దుకొని, కుర్చీలో కూర్చొని, ఆ అర్జీని రెండుసార్లు చదివాడు. ఎర్రసిరా కలం తీసి దానిమీద ఇట్లా రాశాడు.

'అర్జీదారు పేరుమోసిన నేరస్తురాలి భర్త. ఇతనిమీద ఒక కన్ను వేసి ఉంచవలెను.'

చోటే సాబ్ కాగితం అందుకొని చదివి సెల్యూట్ కొట్టాడు. తర్వాత స్టూలు లాక్కొని పౌలుకు ఎదురుగా కూర్చొని, రెప్ప వేయకుండా చూడసాగాడు.