జ్ఞానతల్లి కంటి నీళ్ళు

ఆ ఆదివారం పొద్దున్న అరేతీ వేసుకున్న పథకం చాలా చిన్నది. లెన్సులు పెట్టుకోవాలి, పాపకి జ్ఞానస్నానం చేయించాలి, ఫొటోలు దిగాలి, వెంటనే లెన్సులు తీసిపారేయాలి. కళ్ళు బాగా పొడిబారాయనీ, కొన్నాళ్ళు లెన్సుల జోలికి వెళ్ళొద్దనీ డాక్టరు చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. కానీ ప్రాణస్నేహితురాలి బిడ్డకి, చర్చిలో తల్లి స్థానంలో నిలిచే జ్ఞానతల్లి అయ్యే రోజున సోడాబుడ్డి కళ్ళద్దాలతో ఎవరు నిలబడతారు?

అసలు భయం వేరే ఉంది. ఫాదర్ ముందు పాప పేరు పలకాల్సింది జ్ఞానతల్లే. పాప తల్లి క్లియో, 'దనాయీ' అని పెట్టాలనుకుంది. తాతగారు స్తమాతిస్ మాత్రం పోయిన తన భార్య పేరు, అసిమీనా, తప్ప మరొకటి పెట్టడానికి వీల్లేదన్నాడు. మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టకపోతే గ్రీసులోని ఆ ఆండ్రోస్ దీవిలో తలెత్తుకు తిరగలేం మరి. వేరే పేరు వినబడిన మరుక్షణం చర్చిలోంచి లేచిపోతాననీ, మళ్ళీ కొడుకు గడప తొక్కననీ కాఫీ కొట్లో నలుగురి ముందూ శపథం చేశాడు. ఆ శపథం తలుచుకుంటే అరేతీకి నిద్ర పట్టడం లేదు.

ఆమె చర్చి మెట్లెక్కేసరికి ఆగస్టు గాలి దుమ్ముతో సహా మొహాన కొట్టింది. లెన్సులు గరగరలాడాయి, కళ్ళు ఎర్రబడి ధారలు కట్టాయి. కంట్లో వేసుకునే చుక్కల మందేమో, తను దిగిన క్లియో ఇంట్లోనే ఉండిపోయింది. గుమ్మంలోనే స్తమాతిస్ చెల్లెలు మారిగో ఆమెని పట్టుకుంది.

"శుభమా అని ఆ ఏడుపేంటమ్మా?"

"ఏడుపు కాదత్తయ్యా. కళ్ళు పొడిబారాయి."

"పొడిబారాయా! చెంపల మీద ఏరు పారుతుంటేనూ!"

"పొడిబారితేనే అలా నీళ్ళు కారతాయట. డాక్టరు చెప్పాడు."

"నీ డాక్టరు బొంద! ఇది దిష్టి." మారిగో థూ థూ అని ఆమె మీద ఉమ్మి, ఏదో ప్రార్థన గొణిగి, నోరంతా తెరిచి ఆవలించింది. "చూశావా ఎంత ఆవలింతొచ్చిందో! దిష్టి తీసేవాళ్ళకి ఆవలింతొస్తే తగిలినట్టే. ఎవరి కళ్ళోగానీ గట్టివే."

అంతటితో వదల్లేదు. చర్చి వెనక వంటింట్లోకి లాక్కెళ్ళి, చల్లారిన చామంతి టీలో దూది ముంచి రెండు కళ్ళకీ అద్దింది. లెన్సులు ఆ టీని ఇష్టంగా తాగేశాయి. మంట రెట్టింపయింది. ధారలు కూడా. మారిగో కాసేపు చూసి, అన్నగారి దగ్గరికి పరిగెత్తింది.

"దిష్టీ తీశాను, మందూ వేశాను. ఆగలేదన్నయ్యా. అది దుఃఖం! మీ పేరు గొడవంతా తెచ్చి ఆ పిల్ల నెత్తిన పెట్టారు. కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది."

"ఏడవనీ. నేను మెత్తబడే రకం కాదు," అన్నాడు స్తమాతిస్. అన్నాడే గానీ, ముందు వరసలోకి వచ్చి నిలబడి ఆమె మొహమే చూడసాగాడు.

ఫాదర్ అరేతీ దోసిట్లో ఆలివ్ నూనె పోశారు. పాప ఒళ్ళంతా జ్ఞానతల్లే రాయాలి. రాసింది. తన చేతులు కూడా మోచేతుల దాకా నూనెలో మునిగాయి. సరిగ్గా అప్పుడే కుడి కంట్లో లెన్సు మడతపడింది. ఆ చేతులతో కన్ను ముట్టుకునే దారి లేదు. రెప్పలు టపటపలాడించింది. లెన్సు కాస్తా ఊడి కింద పడింది. పాపని క్లియోకి అందించి, అరేతీ గబుక్కున మోకాళ్ళ మీద కూలబడి నేలంతా తడుముతూ పాకింది. పాకి పాకి స్తమాతిస్ బూట్ల దగ్గర ఆగింది.

వెనక వరసల వాళ్ళు మెడలు సాచి చూశారు.

"బాబాయ్, మీ కాళ్ళ దగ్గరే..." అంది అరేతీ, బొటబొటా నీళ్ళు కారుస్తూ.

"నా ముందు మోకరిల్లుతున్నావా తల్లీ!"

"కాదు బాబాయ్, మీరు కదలకండి! నా లెన్సు..."

"ఏం చెప్పకు. నాకర్థమైంది." ఆయన అడుగు ముందుకేసి, ఆ అడుగుతోనే లెన్సు పని పూర్తి చేసి, ఆమెని లేవదీశాడు. "నా మొండితనం కోసం ఓ ఆడపిల్ల దేవుడి ఎదుట నేల మీద పాకాలా? మీకు ఏ పేరు నచ్చితే ఆ పేరే పెట్టుకోండి. నేనెక్కడికీ పోను."

మిగిలిన ఒక్క లెన్సుతోనే అరేతీ ఆ ముసలాయన గడ్డం వణకడం చూసింది. పొద్దుటి నుంచీ కారుతున్న నీళ్ళ సంగతెలా ఉన్నా, అప్పుడు మాత్రం ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది.

"బిడ్డ పేరు?" అడిగారు ఫాదర్.

క్లియో ఆమె చెవి దగ్గరికి వంగింది. "అసిమీనా అని చెప్పవే."

"ఖాయమేనా?"

"నా మనసు మారేలోపు చెప్పి చావు!"

"అసిమీనా," అంది అరేతీ గట్టిగా. స్తమాతిస్ కుర్చీలో కూలబడి రుమాల్లో మొహం దాచుకున్నాడు.

సాయంత్రం విందుకి అరేతీ చుక్కల మందు వేసుకుని, సోడాబుడ్డి అద్దాలు తగిలించుకుని వచ్చింది. కళ్ళకి ప్రాణం లేచొచ్చింది. కాల్చిన మేకమాంసం పళ్ళేల మధ్య స్తమాతిస్ మనవరాలిని ఎత్తుకుని గంతులేస్తున్నాడు.

"మా దనాయీ! మా బంగారు దనాయీ!"

"మావయ్యా, దాని పేరు అసిమీనా!" అంది క్లియో.

"నీకు నచ్చిన పేరేనని అందరి ముందూ మాటిచ్చాను. వెనక్కి తీసుకునే వంశం కాదు మాది."

"అత్తయ్య పేరు పెట్టుకున్నది మీరు పిలవకుండా ఉండడానికా?"

పేరు గొడవ ఆ ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పక్షాలు మారాయంతే.