తాళం పడని ఖాతాకి తాళం వేయించిన మా బావగారు

మా బావగారికి నిన్న ఘనసన్మానం జరిగింది. ఆయన తమ ఆఫీసులో ఆన్‌లైన్ మోసాల నివారణ అధికారి. ఆయన ఆ కుర్చీ ఎక్కాక మోసపోయామంటూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదు చేసేవాళ్లు ముందుగా ఆయన ఉపన్యాసం వినాలని నిబంధన పెట్టారు మరి.

ఆయన సిద్ధాంతం ఒక్కటే: దేన్నీ నమ్మకు, నిర్ధారించుకో. పాల ప్యాకెట్ మీద తేదీ నిజమో కాదో, ఆ ప్యాకెట్ మీదున్న నంబరుకే ఫోన్ చేసి కనుక్కునే మనిషి.

మా అక్కది బట్టలు కుట్టే దుకాణం. ఎవరి కొలతలెంత, ఎవరికి ఏ రోజుకివ్వాలి, మెడ దగ్గర కాస్త బిగిస్తే గొంతు పిసికినట్టు ఎవరు గోలపెడతారు, అన్నీ ఫోన్‌లో ఒక ఖాతాలో దాచుకుంది. ఇన్నేళ్ల కష్టం మీద అక్క కూడబెట్టుకున్న ఆస్తల్లా అదే.

ఒక పొద్దున సందేశం వచ్చింది: 'మీ ఖాతాకి తాళం పడింది. సాయంత్రంలోగా కింది లింకు నొక్కనిచో శాశ్వతంగా తొలగించబడును. అనుమానమున్నచో ఈ నంబరుకు ఫోన్ చేయగలరు.'

అక్క ఆ లింకు జోలికే పోలేదు. రోజూ తెరిచే దారిలోనే ఖాతా తెరిచింది. నిక్షేపంగా తెరుచుకుంది.

"తాళమూ లేదు, చట్టుబండలూ లేదు. ఎవడో దొంగవెధవ!" అని సందేశం చెరిపెయ్యబోయింది.

"ఆగు! తెరుచుకున్నంత మాత్రాన తాళం పడలేదని ఎలా అంటావ్? నిర్ధారణ ఏదీ?" అన్నారు బావగారు, కుట్టుమిషను పక్కనే నిలబడి.

"కళ్లెదుటే కనబడుతోంది కదండీ!"

"కళ్లు మోసం చేస్తాయి. పద్ధతి మోసం చెయ్యదు."

పద్ధతి ప్రకారం, సందేశంలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, ఇది నిజమేనా అని గట్టిగా నిలదీశారు. అవతలివాడెంత పెద్దమనిషో! ఒక్క రింగుకే ఎత్తాడు. నిజమేనన్నాడు. "మీ అంత జాగ్రత్తపరుణ్ణి నేనింతవరకూ చూళ్లేదు సార్" అని కూడా అన్నాడు. పైఅధికారులెవరూ ఏనాడూ అనని మాట. బావగారు కరిగి నీరైపోయారు. పాస్‌వర్డు చెప్పేశారు. తర్వాత వచ్చిన కోడ్‌ని, అక్క చేతిలోంచి ఫోన్ లాక్కుని మరీ చదివి వినిపించారు. వాడు సరిగ్గా రాసుకున్నాడో లేదో తిరిగి చెప్పించుకుని నిర్ధారించుకున్నారు.

కాసేపటికి ఖాతాకి నిజంగానే తాళం పడింది. సందేశం అబద్ధమన్న అక్క వాదన ఆ విధంగా వీగిపోయింది.

"చూశావా, నేను చెప్పలా?" అన్నారు బావగారు.

అక్క అసలు కంపెనీకి మొరపెట్టుకుంది. ఖాతా తిరిగి ఇచ్చే దారి చెబుతూ వాళ్లు ఒకే ఒక్క ఈమెయిల్ పంపారు. అందులో ఫోన్ నంబరు లేదు. నంబరు లేనిదాన్ని నిర్ధారించుకోవడమెలా? దొంగదని తేల్చి బావగారు తుడిచేశారు.

ఈలోగా అక్క ఖాతాలోంచి దుకాణానికొచ్చే వాళ్లందరికీ అదే తాళం సందేశం వెళ్లింది. దుకాణం నాలుగడుగుల దూరంలోనే ఉన్నా, ఒక్కరూ వచ్చి అక్కని అడగలేదు. ఆ నంబరుకే చేసి కనుక్కున్నారట. చాలా మర్యాదగా మాట్లాడాడట. అక్క మెడలో టేపు వేసుకుని, వచ్చిన వాళ్ల కొలతలన్నీ మళ్లీ మొదట్నుంచీ తీసుకుంటోంది.

సన్మానానికి బావగారి కోటు అక్కే కుట్టింది. కొలతలు పోయాయి కదా, అందాజుగా కుట్టానంది. మెడ దగ్గర బాగా బిగిసింది. ఆ బిగువులోనే ఆయన "దేన్నీ నమ్మకండి, నిర్ధారించుకోండి!" అని గర్జిస్తే హాలంతా చప్పట్లతో మారుమోగింది.

ఇదంతా నిజంగా జరిగిందా అని మీకు అనుమానం రావచ్చు. మొహమాటపడకండి, నన్నే అడగండి. నిజమేనంటాను. మీరు నమ్మేస్తారు.